తనఖ్వా జకాత్ కాదు భాయ్

మొన్న జులై 17న ఢిల్లీ హైకోర్టు 70 మంది మీదున్న కేసులు కొట్టేసింది. 2020 మార్చిలో తబ్లీగీ జమాత్ కోసం వచ్చిన విదేశీయులకు మసీదుల్లో, ఇళ్లలో చోటిచ్చారన్నదే వాళ్ల మీద మోపిన నేరం. ఆ రోజు మగ్రిబ్ అయ్యేసరికి నా ఫోన్లో వాట్సాప్ గ్రూపులన్నీ ముబారక్‌లతో నిండిపోయాయి. నేనూ ఒక అల్‌హమ్దులిల్లాహ్ పెట్టాను. పెట్టకుండా ఎలా ఉంటాం? ఆ ఏప్రిల్ ఎలా గడిచిందో మనకు తెలుసు. కూరగాయల బండి తోసుకునే పిల్లగాణ్ని కాలనీ గేటు దగ్గర ఆపి పేరు అడిగిన రోజులవి. నేను పనిచేసే డెస్క్ మీద 'మర్కజ్ కేసులు' అని వేరే బాక్సు కట్టేవాళ్లు. ఆ పక్క కుర్చీలో కూర్చుని నేను ఇంకో వార్త దిద్దుకునేవాణ్ని, నోరు మూసుకుని. ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్, ఆ విదేశీ తబ్లీగీలను బలిపశువులను చేశారని చెబితే మా పేపర్లో అది లోపలి పేజీలో చిన్న వార్త అయింది.

ఐదేళ్లు ఆలస్యంగానైనా ఇన్సాఫ్ వచ్చింది. సరే. కానీ ఆ ముబారక్‌ల వరుసలో ఒక పేరు దగ్గర నా వేలు ఆగిపోయింది. ఆ సాబ్ ఒక లక్క గాజుల కారఖానా సేఠ్. పేరు చెప్పను. ఆయన పెట్టిన మెసేజ్ కూడా చిన్నది కాదు. జుల్మ్ గురించి, మజ్లూమ్ బద్దుఆ గురించి, అల్లాహ్ దగ్గర హిసాబ్ గురించి పెద్ద తఖ్రీరే రాశాడు. ఆయన దగ్గర పనిచేసిన కారీగర్ ఒకతను మా గల్లీలోనే ఉంటాడు. 2020 మార్చి నాటి పంతొమ్మిది వేల చిల్లర అతనికి ఈ రోజు వరకూ రాలేదు.

లాడ్ బజార్‌లో గాజులు కొనని ఇల్లు మనలో ఉండదు. ఆ గాజు ఎలా తయారవుతుందో చూసినవాళ్లు తక్కువ. బొగ్గుల కుంపటి ముందు కూర్చుని లక్కను కరిగించాలి, సాగదీయాలి, వలయానికి పట్టించాలి, అది వేడిగా ఉండగానే ఒక్కో రాయి వేలితో పొదగాలి. చల్లారితే రాయి నిలవదు. అందుకే ఆ కారీగర్ల వేళ్ల కొసలు మామూలు మనుషుల్లా ఉండవు. ఆధార్ మెషీన్ మీద మా గల్లీవాడి వేలిముద్ర పడక ఎన్నిసార్లు తిరిగాడో నేను చూశాను. గాజుల ధందాకు రంజానే అసలు సీజన్. దానికోసం రజబ్ నెల నుంచే కారఖానాలు రాత్రీపగలూ నడుస్తాయి. 2020లో కూడా నడిచాయి. జనతా కర్ఫ్యూ అని మార్చి 22న అందరూ ఇళ్లలో కూర్చునేనాటికి అతని చేతి పని అంతా పూర్తయి, లెక్కపెట్టి, డబ్బాల్లో సర్ది సేఠ్ గోదాముకు చేరిపోయింది. చిట్టీ మీద లెక్క కూడా రాశారు. ఇవ్వాల్సింది పైసలే. ఆ సాయంత్రమే రాష్ట్రంలో నెలాఖరు దాకా లాక్‌డౌన్ అన్నారు. 24న రాత్రి ఎనిమిదికి ప్రధాని టీవీలో కనిపించి అర్ధరాత్రి నుంచి దేశమంతా 21 రోజులు అన్నారు. చేతిలో నాలుగు గంటలు.

తర్వాత ఏమైందో మీకు తెలుసు. సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఆరు దాకా కర్ఫ్యూ. ఇఫ్తార్ చేసి ఖజూర్ గింజ పారేసేలోపే గల్లీ మూత. ఆ ఏడు హలీం భట్టీ వెలగలేదు, చార్మినార్ దగ్గర ఈద్ బజార్ లేదు, మసీదులో ఇమామ్ సాబ్, ముఅజ్జిన్ సాబ్, ఇంకో ఇద్దరు ముగ్గురు. ఆరు అడుగుల దూరం పాటించండి అని మైకులో చెప్పుకుంటూ పోలీసు జీపు మా గల్లీ గుండా పోయేది. అరవై గజాల ఇంట్లో తొమ్మిది మంది. ఆరు అడుగులు ఎక్కడి నుంచి తెస్తారు? ఆ హుకుం రాసిన సాబ్ ఇంట్లో ఒక్కో మనిషికి ఒక్కో గది ఉంటుంది కాబోలు. ఇల్లూ కారఖానా ఒకటే అయిన మొహల్లాలో 'ఇంటి నుంచి పని చేయండి' అంటే కొత్తేముంది, వాళ్లు ఎప్పుడూ చేసేది అదే. వచ్చే పైసలే ఆగిపోయాయి.

నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని. తర్వాత తెలుగులో డిగ్రీ చేశాను. అందుకని సర్కారీ జీవోలు మొహల్లాలో చదివి వినిపించే పని నాకు అలవాటు. ఆ రోజుల్లో ఎక్కువమందికి చదివి వినిపించిన కాగితం మార్చి 29న కేంద్ర హోంశాఖ ఇచ్చిన హుకుం. ఫ్యాక్టరీ కానీ, దుకాణం కానీ, లాక్‌డౌన్ వల్ల మూతపడినా సరే, కోత లేకుండా, ఇచ్చే రోజునే జీతం ఇవ్వాలని అందులో ఉంది. విన్నవాళ్ల మొహాలు నాకు గుర్తున్నాయి. "సచ్చీ సాబ్?" అని అడిగారు. నిజమే, కాగితం మీద నిజమే. కానీ కారఖానాలో అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఎవరికుంది? పీఎఫ్ నంబర్ ఎవరికుంది? చిట్టీ ముక్క పట్టుకుని ఏ లేబర్ ఆఫీసుకు పోతారు, అదీ బయటికొస్తే లాఠీ పడే రోజుల్లో? మే 18 నుంచి ఆ హుకుం కూడా లేకుండా పోయింది. జూన్ 12న సుప్రీంకోర్టు ఆ 50 రోజుల జీతం సంగతి యజమానులూ కార్మికులూ కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోండి అంది. కూర్చోబెట్టేదెవరు? మా గల్లీలో ఒక్క సేఠ్ కూడా ఒక్క కారీగర్‌ను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడింది నేను చూడలేదు.

సర్కారు చేసింది మర్చిపోమని నేను అనడం లేదు. తెల్ల కార్డు ఇంటికి పదిహేను వందలు, మనిషికి పన్నెండు కిలోల బియ్యం ఇచ్చారు, అది నిజం. పరాయి రాష్ట్రం కూలీని నెల పైన ఇక్కడే నిలబెట్టి, మే 1న లింగంపల్లి నుంచి హటియాకు మొదటి రైలు వేశారు, అదీ నిజం. ఆంధ్రాలో మే 4న, తెలంగాణలో మే 6న మద్యం దుకాణాలు తెరిచి, ఇబాదత్‌ఖానాలకు మాత్రం జూన్ 8 దాకా తాళం ఉంచారు. 2021 ఏప్రిల్‌లో రాత్రి కర్ఫ్యూ పెట్టి, అదే నెల 30న వరంగల్, ఖమ్మంలో ఓట్లు వేయించారు. వీటి మీద అప్పుడూ రాశాను, ఇప్పుడూ రాస్తాను. కానీ మన చేతిలో ఉన్న లెక్క ఒకటుంది. దాన్ని హుకూమత్ జుల్మ్ చాటున ఐదేళ్లుగా దాచిపెట్టుకున్నాం.

ఆ కారీగర్ సంగతికి వస్తాను. ఏప్రిల్ చివర్లో రంజాన్ మొదలైంది. సేఠ్ ఇంటి నుంచి ఆటోలో రేషన్ కిట్లు వచ్చాయి. బియ్యం, పప్పు, నూనె, చక్కెర, ఖజూర్ ప్యాకెట్. ఒక్కొక్కరు సంచి పట్టుకుని నిలబడితే ఫోటో. ఆ ఫోటోలు ఇంకా ఫేస్‌బుక్‌లో ఉన్నాయి, చూడొచ్చు. బజార్ తెరిచాక మా గల్లీవాడు వెళ్లి బకాయి అడిగాడు. "రంజాన్‌లో ఇచ్చాం కదా మియా" అన్నారట. కిట్ ధర జకాత్ లెక్కలో ఎక్కిందని మునీమ్ చెప్పాడట. అతను నాతో అన్న మాట అతని జబాన్‌లోనే రాస్తున్నాను: "మేరా హఖ్ మేరేకూచ్ ఖైరాత్ బోల్‌కే దియే సాబ్." నా హక్కును నాకే ఖైరాత్ అని చెప్పి ఇచ్చారు అని.

నేను ఆలిమ్‌ను కాను. కానీ ఇది తెలియడానికి మదర్సాలో ఎనిమిదేళ్లు చదవాల్సిన పని లేదు. తనఖ్వా ఖర్జ్. జకాత్ ఇబాదత్. మీరు బాకీ ఉన్న మనిషికే జకాత్ ఇచ్చి ఆ బాకీ తీరిందనుకుంటే రెండూ చెడ్డాయి. బాకీ తీరలేదు, జకాత్ కూడా అదా కాలేదు. నమ్మకపోతే మీకు నచ్చిన ముఫ్తీ సాబ్‌ను అడగండి, ఏ మస్లక్ అయినా పర్లేదు. మజ్దూర్ చెమట గురించిన హదీస్ మనలో నోటికి రానివాళ్లు లేరు. షాపు గోడ మీద ఫ్రేమ్ కట్టించి వేలాడదీసిన సేఠ్‌లు కూడా ఉన్నారు.

సేఠ్ వైపు మాట కూడా చెప్పాలి, లేకపోతే అది ఇన్సాఫ్ కాదు. "సీజన్ మునిగింది. సరుకు కదల్లేదు. దుకాణం కిరాయి, కరెంటు బిల్లు, బ్యాంకు వడ్డీ ఆగలేదు. నేను ఎక్కడి నుంచి తేను?" అని ఆయన అడుగుతాడు. చిన్న దుకాణదారుల్లో చాలామంది నిజంగానే మునిగారు. నా సొంత మామూజాన్ చెప్పుల షాపు మళ్లీ తెరుచుకోలేదు. పని జరగని నెలల తనఖ్వా పూర్తిగా ఇవ్వాలా, సగమా, పావా అంటే అది కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతే. అక్కడ నేను పట్టుబట్టను. కానీ మార్చి 22కు ముందు చేసి అప్పజెప్పిన పనికి ఏం జవాబుంది? గాజు పాలు కాదు, మర్నాటికి విరిగిపోవడానికి. 2020లో అమ్ముడుపోని ఆ గాజులు తర్వాత అమ్ముడయ్యాయి. డబ్బాలు ఖాళీ అయ్యాయి. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ ట్యాగ్ వచ్చినప్పుడు సేఠ్ ఇంట్లో దావత్ కూడా అయింది. మరి ఆ చిట్టీ? తెలంగాణ సర్కారు 2020లో తన ఉద్యోగులకు సగం జీతం ఆపింది, మనమంతా తిట్టాం. ఆపింది తర్వాత వాయిదాల్లో తిరిగిచ్చింది. ఎందుకంటే ఉద్యోగులకు యూనియన్ ఉంది. కారీగర్‌కు ఎవరున్నారు? మనమే ఉండాలి. మనం ముబారక్‌లు పంపుకుంటున్నాం.

కారఖానాల మీద మాత్రమే రాసి ఆగితే చదువుతున్న మీరు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. ఆగను. మన ఇంట్లో గిన్నెలు తోమే ఖాలాను ఆ మార్చిలో రావద్దన్నాం. ఆమె రానంది కాదు, మనం రావద్దన్నాం. ఎన్ని నెలలు ఇచ్చాం? నా లెక్క చెబుతాను. ఏప్రిల్ ఇచ్చాం. మే, జూన్ ఇవ్వలేదు. నాకు ఆఫీసులో జీతం కోశారు, అది నా బహానా. రంజాన్‌లో ఆమెకు బట్టలు, ఫిత్రా ఇచ్చాం కాబట్టి మనసుకు నిమ్మళంగా ఉండేది. ఇది రాయడానికి కూర్చున్నాకే, ముందు నా బాకీ తీర్చుకుందామని ఆమె కూతురి నంబర్‌కు ఫోన్‌పే చేశాను. ఖాలా ఫోన్ చేసింది. "ఇప్పుడు జకాత్ ఏంది బేటా, రంజాన్ కాదు కదా" అంది. జకాత్ కాదు ఖాలా, మీ తనఖ్వా అన్నాను. చాలాసేపు ఆమెకు అర్థం కాలేదు. ఆమెకు మన నుంచి ఏం వచ్చినా ఖైరాతే అని నేర్పిందెవరు?

ఇంగ్లిష్ మీడియం బోర్డు పెట్టుకున్న మన మొహల్లా స్కూళ్ల సంగతి ఇంకా ఘోరం. ఫీజు వసూలు కాలేదని ఆపాలకు నెలల తరబడి జీతం లేదు. కానీ ఫోన్లో క్లాసులు చెప్పించుకున్నారు, హోంవర్క్ దిద్దించుకున్నారు. అది చేసిన పనే కదా? 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ సర్కారు ప్రైవేటు టీచర్లకు నెలకు రెండు వేలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆ రెండు వేలు వస్తున్నాయి కదా అని తామిచ్చే దాంట్లో అంతే తగ్గించిన కరస్పాండెంట్ సాబ్ నాకు తెలుసు. ఇద్దరు ఆపాలు ఆ తర్వాత టీచింగ్ మానేసి బ్లౌజులు కుడుతున్నారు.

"ఇంటి గుట్టు ఎందుకు రట్టు చేస్తావు భాయ్, అసలే రోజులు బాలేవు, చదివి నవ్వుకునేవాళ్లు ఉంటారు" అని కొందరు ఫోన్ చేస్తారు. తెలుసు, ప్రతిసారీ చేస్తారు. ఖౌమ్ ఇజ్జత్ అంటే సేఠ్ ఇజ్జత్ ఒక్కటేనా? కుంపటి ముందు వేళ్లు కాల్చుకున్నవాడు ఖౌమ్ కాదా? వైరస్ పేరుతో మనల్ని గుమ్మం బయట నిలబెట్టినవాళ్లను అడిగే హక్కు మనకుంది. కానీ గోదాము తాళం మన జేబులోనే ఉన్నప్పుడు, దాని ముందు ఐదేళ్లుగా నిలబడ్డవాడికి కూడా మనల్ని అడిగే హక్కుంది.

నేను అడుగుతున్నది పెద్దదేం కాదు. మీ దగ్గర 2020 నాటి బహీఖాతా ఉంటుంది, పాత ఫోన్లో మెసేజ్‌లు ఉంటాయి. తీయండి. చేసిన పనికి ఇవ్వనిది ఎంతో రాయండి, ఆ మనిషి ఊరెళ్లిపోయినా నంబర్ దొరుకుతుంది. మనిషి పోయి ఉంటే అతని వారిసులు ఉంటారు. ఒకేసారి కాకపోతే వాయిదాల్లో. ఇచ్చేటప్పుడు ఫోటో వద్దు. పని జరగని నెలల సంగతి ఇద్దరూ ఎదురెదురుగా, ఒకే ఎత్తు కుర్చీల్లో కూర్చుని తేల్చుకోండి. ఇవ్వలేని స్థితిలో ఉంటే ఇవ్వలేనని చెప్పి మాఫీ అడగండి. అడిగితే మా గల్లీవాడు బహుశా మాఫ్ చేసేస్తాడు కూడా. ఇప్పటిదాకా అతన్ని ఎవరూ అడగలేదు.

పోయిన జుమాకు ముందు మా మసీదు ఇమామ్ సాబ్‌ను కలిశాను. ఖుత్బా ముందు చేసే బయాన్‌లో ఒక్క అయిదు నిమిషాలు దీని గురించి మాట్లాడమని అడిగాను. లాక్‌డౌన్‌లో జుమా చందా ఆగిపోయిందని ఆయన తనఖ్వా కూడా సగం చేశారు, ఖాళీ మసీదులో అయిదు పూటలా ఆయనే నిలబడ్డాడు. ఆ సగం ఆయనకూ తిరిగి రాలేదు. అంతా విని, టోపీ సర్దుకుని, "కమిటీ సదర్ సాబ్‌ను ఒక మాట అడగాలి" అన్నారు.

సదర్ సాబ్ ఎవరో చెప్పలేదు కదా. గాజుల కారఖానా ఆయనదే.