టూరిస్టు అనే తిట్టు

తెలుగులో యాత్రావ్యాసాలు రాసేవాళ్లకి ఈమధ్య ఒక జబ్బు పట్టుకుంది. మొదటి పేరాలోనో రెండో పేరాలోనో "నేను టూరిస్టుని కాదు, ట్రావెలర్ని" అని ప్రమాణం చెయ్యందే కలం కదలదు. టూరిస్టంటే ప్యాకేజీ బస్సులో కూర్చుని, డబ్బాలోంచి పులిహోర తీసి పంచుకుని, గైడు ఎత్తిపట్టిన గొడుగు వెనకాల నడిచే బాబాయిలూ పిన్నులూ. ట్రావెలర్ వేరు. ఆయన స్థానికుల మధ్య ఉంటాడు, స్థానికులు తినేదే తింటాడు, పేరు తెలీని సందుల్లో తప్పిపోతాడు, తప్పిపోయి తనని తాను కనుక్కుంటాడు. ఆ కనుక్కున్నదేదో మనకి పన్నెండు ఫొటోలతో సహా పంపిస్తాడు.

ఈ రెండు జాతుల్లో ఊళ్లకి ఎక్కువ చేటు రెండోదే అని నా వాదన. ఊళ్లకే కాదు, మన వ్యాసాలకి కూడా. ప్రపంచంలోని ఊళ్లన్నిటి గురించీ చెప్పలేను గానీ బార్సిలోనా గురించి చెప్పగలను. ఏటా అక్కడ జరిగే మొబైల్ ఫోన్ల పెద్ద సంత పుణ్యమా అని ఆఫీసు ఖర్చు మీద రెండుసార్లు వెళ్లాను. ఊరికి దూరంగా, ఏ విశేషమూ లేని హోటల్లో పడుకున్నాను. సాయంత్రాలు తిరిగాను. తిరిగొచ్చాక ఆ ఊరి గురించి దొరికిందల్లా చదివాను. ఆ చదివినవాటిలో తెలుగు వ్యాసాలు కూడా ఉన్నాయి. ఈ గోలంతా వాటి గురించే.

వాటిలో తప్పకుండా వచ్చే మాట "సందడి". అర్ధరాత్రి దాటినా నిద్రపోని వీధులు, సముద్రపు గాలి, బాల్కనీల్లో ఆరేసిన రంగురంగుల బట్టలు, కింద వైన్ గ్లాసుల చప్పుడు. జీవితాన్ని పండగ చేసుకోవడం వీళ్లని చూసి నేర్చుకోవాలి అని ఒక నిట్టూర్పు. ఈ వర్ణన ఎక్కువగా బార్సెలోనెతా పేట గురించే ఉంటుంది. బీచ్‌ని ఆనుకుని ఉండే పేట అది.

ఆ పేట పుట్టుకేమిటో ఒక్క వ్యాసంలోనైనా చెప్పి ఉంటే నాకింత కోపం వచ్చేది కాదు. 1714లో బూర్బన్ సైన్యం నగరాన్ని జయించింది. లొంగినవాళ్ల మీద ఎప్పుడూ ఒక కన్నేసి ఉంచడానికి పెద్ద కోట కట్టింది, ఆ కోట కోసం లా రిబేరా పేటలో సగం దాకా కూల్చేసింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి, 1753లో, సముద్రపు ఒడ్డున స్కేలు పెట్టి గీసినట్టుండే వీధులతో బార్సెలోనెతాని మొదలుపెట్టారు. గీసింది మిలటరీ ఇంజనీర్లు. జాలర్లూ ఓడరేవు కూలీలూ చేరారు. జనం పెరిగేకొద్దీ ఒక్కో ఇంటిని రెండు చేశారు, రెండుని నాలుగు చేశారు. "కార్ట్ దె కాజా" అంటారు, అంటే పావు ఇల్లు. ఒక్కోటీ ముప్పై చదరపు మీటర్లు, మన లెక్కలో ముప్పై ఆరు గజాలు. అందులోనే పిల్లాపాపలతో కాపురం. బట్టలు బాల్కనీలో ఎందుకు ఆరేస్తారయ్యా అంటే, లోపల ఆరేసుకునే చోటు లేక. ఇందులో మధ్యధరా జీవనోత్సవం ఏమీ లేదు.

నేను చూసినప్పుడు ఆ బట్టల పక్కనే ఇంకో గుడ్డ కూడా వేలాడుతోంది. ఒక బాల్కనీలో కాదు, చాలా వాటిలో. దాని మీద "కాప్ పీస్ తురీస్తిక్" అని రాసుంది. టూరిస్టు ఫ్లాటు ఒక్కటి కూడా వద్దు అని అర్థం. మన ట్రావెలర్ల ఫొటోల్లో బట్టలున్నాయి. ఈ గుడ్డ ఎందుకు లేదు? పడకుండా ఫ్రేమ్ జరిపారనుకోను. బహుశా పడే ఉంటుంది, రాసిందేమిటని అడగాలని తోచలేదు. తోచకపోవడానికి కారణం ఉంది. ఆ గుడ్డ ఎవరి గురించి వేలాడుతోందో వాళ్లే ఫొటో తీస్తున్నారు.

ప్యాకేజీ బాబాయి హోటల్లో పడుకుంటాడు. హోటలన్నది హోటలుగానే కట్టింది. స్థానికుడిలా బతకాలనే ట్రావెలర్ ఉండేది ఇంట్లో. అది ఎవరో ఒకరు కాపురం ఉండాల్సిన ఇల్లు. ఒక పావు ఇంటికి యజమాని రాత్రికి వంద యూరోలు పెట్టాడనుకుందాం. నెలకి ఇరవై రాత్రులు నిండితే రెండు వేలు. అదే ఇంట్లో ముప్పై ఏళ్లుగా ఉన్న ముసలావిడ అందులో సగం ఇవ్వడమే కష్టం. యజమాని రాక్షసుడు కానక్కర్లేదు, కూడికలు వస్తే చాలు. ఆవిడ కాంట్రాక్టు అయిపోగానే కొత్తది రాయడు. తలుపు పక్కన అంకెల తాళమున్న చిన్న డబ్బా ఒకటి వెలుస్తుంది, తాళంచెవి అందులో ఉంటుంది. ఇక ఆ మెట్ల మీద వారానికి రెండుసార్లు చక్రాల సూట్‌కేసులు టకటకా ఎక్కుతాయి, దిగుతాయి. పై అంతస్తులో ఆరింటికి లేచి పనికి పోవాల్సినవాడికి ఆ రాత్రి సందడే, కాదనను.

2014 ఆగస్టులో ముగ్గురు టూరిస్టులు పట్టపగలు ఒంటిమీద నూలుపోగు లేకుండా ఈ పేటలో తిరిగారు, అలాగే దుకాణంలోకి కూడా వెళ్లారు. పేట జనం వీధుల్లోకి వచ్చారు. బట్టల గురించి మొదలైన గొడవ వారం తిరక్కుండా అద్దెల గురించి అయింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో, ఇళ్లు పోగొట్టుకున్నవాళ్ల తరఫున ఉద్యమం నడిపిన ఆదా కొలావు నగర మేయరయింది. కొత్త హోటళ్లకి అనుమతులు ఆపింది. 2024 జూన్‌లో తర్వాతి మేయర్ జావుమే కొల్బోనీ ఇంకో అడుగు వేశాడు. నగరంలో లైసెన్సున్న 10,101 టూరిస్టు ఫ్లాట్లకి 2028 నవంబరు తర్వాత లైసెన్సు ఉండదని ప్రకటించాడు. పదేళ్లలో అద్దెలు 68 శాతం పెరిగాయని ఆయన చెప్పిన లెక్క. యజమానుల తరఫువాళ్లు కోర్టుకెక్కారు. ఈ రద్దుకి ఆధారమైన చట్టం చెల్లుతుందని 2025 మార్చిలో స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది.

దీనికి ఎదురు వాదన ఉంది, అది చెత్త వాదనేం కాదు. ఊళ్లో ఉన్న మొత్తం ఇళ్లలో ఈ పదివేల చిల్లర నూటికి రెండు కూడా కాదు, దీనివల్ల అద్దెలు దిగుతాయా అంటారు. అన్నీ తెచ్చి ఒక్క ఫ్లాట్ల నెత్తిన రుద్దితే ప్రభుత్వం ఇళ్లు కట్టకపోవడం మరుగున పడిపోతుందంటారు. 2008 తర్వాత ఉద్యోగాలు పోయినవాళ్లు కొందరు గది అద్దెకిచ్చే గట్టెక్కారంటారు. ఇవన్నీ నిజాలే. కానీ ఆ నూటికి రెండు ఊరంతా సమానంగా పరుచుకుని లేవు. పాత పట్నంలో, ఎయిషాంప్లాలో, సముద్రం పక్కన పోగుపడ్డాయి. ఒకే మెట్లదారిలో నాలుగు ఫ్లాట్లు పోతే అయిదో కుటుంబం తనంతట తానే లేచిపోతుంది. నిద్ర చాలదు, పప్పూ ఉప్పూ అమ్మే కొట్టు మూతపడి ఐస్‌క్రీమ్ కొట్టు వస్తుంది, పలకరించేవాళ్లుండరు. ఏ శాతాల పట్టికలో వేస్తారు ఈ లెక్కని?

ఇక నీళ్ల తుపాకులు. 2024 జులై 6న వేలమంది ఊరేగింపు తీశారు, వాళ్లలో కొందరు బయట బల్లల దగ్గర తింటున్న టూరిస్టుల మీద బొమ్మ తుపాకులతో నీళ్లు కొట్టారు. నాకు నచ్చలేదు. తినేవాడి మీద నీళ్లు కొట్టడం ఏ దేశంలోనైనా మర్యాద తప్పడమే. కానీ ఆ వీడియో మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన తీరు చూడాలి. కృతఘ్నులన్నారు, మన డబ్బుతో బతుకుతూ మనమీదే నీళ్లా అన్నారు. ఏడాది పొడుగునా బాల్కనీలో గుడ్డ కట్టి మర్యాదగా చెప్పినప్పుడు మనవాళ్లెవరూ చదవలేదే!

చదవకపోవడానికి భాష కూడా కారణం. ఆ గుడ్డ మీద ఉన్నది స్పానిష్ కాదు, కాటలాన్. మన ట్రావెలర్ "ఓలా", "గ్రాసియాస్" నేర్చుకుని స్థానికుల మనసు దోచేశానని రాస్తాడు. వాళ్లు నవ్వే ఉంటారు, మంచివాళ్లు. స్పానిష్ కూడా అక్కడి భాషే, సందేహం లేదు, ఊళ్లో చాలామందికి ఇంటి భాష అదే. కానీ రోడ్ల పేర్లు కాటలాన్‌లో, బళ్లో చదువు కాటలాన్‌లో. రొట్టెల కొట్లో చాలామంది "మెర్సీ" అంటారు. కోటిమందికి దగ్గరగా మాట్లాడే ఈ భాషని ఫ్రాంకో బళ్లోంచీ ఆఫీసుల్లోంచీ తరిమేశాడు, అది ఆయన పోయేదాకా మళ్లీ లోపలికి సరిగా రాలేదు. భాష పేరుమీద రాష్ట్రం కావాలని నిరాహారదీక్షలో మనిషి ప్రాణం పోయిన చరిత్ర మనది. అలాంటి మనం వారం రోజులు ఒక ఊళ్లో తిరిగి, ఆ ఊరికి ఇంకో భాష ఉందని గమనించకుండా మూడు వేల మాటల వ్యాసం రాయడం ఎలా సాధ్యమో నాకర్థం కాదు. ఏప్రిల్ 23న సాంత్ జోర్డి పండక్కి ఊరంతా వీధుల్లో బల్లలేసి పుస్తకాలమ్ముతారు, జనం పుస్తకమూ గులాబీ ఇచ్చిపుచ్చుకుంటారు. పుస్తకాల మనుషులమని చెప్పుకునే మనవాళ్ల వ్యాసాల్లో ఇది కనపడదు. ఫ్లామెంకో షో మాత్రం ఉంటుంది.

ఫ్లామెంకో అక్కడిది కాదని కొట్టిపారేసే పండితుడు ఇంకో రకం ట్రావెలర్. ఆయన మాటా పూర్తి నిజం కాదు. గొప్ప ఫ్లామెంకో నర్తకి కార్మెన్ అమాయా పుట్టింది బార్సిలోనాలోనే, సోమొరోస్త్రో అనే గుడిసెల వాడలో. బార్సెలోనెతా దాటి కొంచెం ముందుకెళ్తే సముద్రపు ఒడ్డునే ఉండేది ఆ వాడ. దక్షిణం నుంచి పనికోసం వచ్చినవాళ్లూ జిప్సీలూ ఉండేవాళ్లు. అల పెద్దదొస్తే గుడిసె పోయేది. 1966లో, ఫ్రాంకో వచ్చి చూసే నౌకాదళ విన్యాసాలకి అడ్డంగా ఉందని మిగిలిన వాడంతా చదును చేసేశారు. ఆ చుట్టుపక్కల రైలుపట్టాలూ పాత ఫ్యాక్టరీలూ ఉండేవి. 1992 ఒలింపిక్స్ కోసం వాటిని తీసేసి, ఇసుక పోసి, బీచ్‌లు తయారుచేశారు. అనాదిగా సముద్రంతో పెనవేసుకున్న జీవితం అని మనవాళ్లు పులకించిపోయే ఆ తీరం నాకంటే రెండేళ్లు చిన్నది. ఇప్పుడక్కడ ఒక బీచ్‌కి సోమొరోస్త్రో పేరే పెట్టారు. మనుషుల్ని పంపించాక పేరుకి చోటు దొరకడం ఎక్కడైనా ఉన్నదే.

ప్యాకేజీ బాబాయి పాపమెరగనివాడని నేననట్లేదు. ఓడల్లో వేలమందిని ఒకేసారి దించే క్రూజులు పొద్దున వచ్చి సాయంత్రం పోతాయి, ఊరికి మిగిల్చేది చెత్తా పొగా. అందుకే క్రూజు టెర్మినళ్లని ఏడు నుంచి అయిదుకి తగ్గించాలని 2025లో ఒప్పందం చేసుకున్నారు. కానీ బాబాయి తను బయటివాడినని ఒప్పుకుంటాడు. గొడుగు వెనకాల నడుస్తాడు, చెప్పిన చోట ఎక్కుతాడు, చెప్పిన చోట దిగుతాడు. అలాంటివాడికి ఊరు దారి గీయగలదు, టికెట్ పెట్టగలదు, ఈ రోజుకి చాలు రేపు రా అనగలదు. పార్క్ గ్యూయెల్‌కి 2013 నుంచి అదే చేస్తున్నారు. ట్రావెలర్‌ని ఏ గేటు దగ్గర ఆపుతారు? ఆయన 116 నంబరు బస్సు ఎక్కుతాడు. అది కొండమీద ఇరుకు సందుల్లో తిరిగే చిన్న బస్సు, సంచులు మోసుకుని ఇళ్లకి పోయే ముసలివాళ్ల కోసం వేసింది. పార్కుకి పోయేవాళ్లతో నిండిపోయి ఊరివాళ్లకి సీటు దొరక్కపోతుంటే, గూగుల్ మ్యాప్స్‌లోంచి ఆ రూటు తీసేయమని నగరపాలక సంస్థ అడిగింది. 2024లో తీసేశారు. సాఫ్ట్‌వేర్ వాడిగా నా వృత్తి జీవితంలో విన్న అతి తెలివైన బగ్ ఫిక్స్ అదే. అయితే "మ్యాపులో కనపడని లోకల్ బస్సు" అనే చిట్కా ఎవరో ఒకరు ఇప్పటికే రాసేసి ఉంటారు.

మన మొదటి యాత్రికుల్లో ఒకడైన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరాడు. సుప్రీంకోర్టులో దుబాసీ, పెద్ద పరివారం, పల్లకీ బోయీలు. ఇవేవీ దాచుకోలేదు. మజిలీ మజిలీకీ ఏం దొరుకుతుంది, నీళ్లెలా ఉన్నాయి, దిగడానికి వసతి ఉందా, అంగళ్లున్నాయా అని రాసుకుంటూ పోయాడు. ఇంతమందితో దిగినవాడు ఊరిమీద పడే బరువుని లెక్కేసుకున్నట్టే ఉంటుంది ఆ పుస్తకం. కాశీలో కాశీవాడినైపోయానని మాత్రం ఎక్కడా అనలేదు. దాదాపు రెండొందల ఏళ్ల తర్వాత మనం రాసేవాటిలో ఏముంది? రొట్టెమీద టమాటా రుద్దుకు తిన్న రుచి ఉంది, సూర్యాస్తమయం ఉంది. గది అద్దె ఎంతో, అది ఎవరి చేతికి పోయిందో ఉండదు. డబ్బు మాటెత్తితే సాహిత్యం మైలపడుతుంది కాబోలు.

ఇది పాత గొడవ కాదు, పెరుగుతున్న గొడవ. మా వృత్తివాళ్లకి ఇప్పుడు కొత్త మోజు "వర్కేషన్". ల్యాప్‌టాప్ పట్టుకుని బార్సిలోనాలో మూడు నెలలుండి పనిచేసుకోవడం. 2023 నుంచి స్పెయిన్ దీనికి ప్రత్యేక వీసా కూడా ఇస్తోంది. 2024లో మామూలు అద్దెలకి పరిమితి పెట్టారు గనక, యజమానులు చాలామంది "సీజన్ అద్దె" అనే సందులోంచి నెలల లెక్కన ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ సందులో దూరేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు, ఇంకా ఉంటారు. వాళ్లు తిరిగొచ్చి రాయబోయే వ్యాసం నాకిప్పుడే కనపడుతోంది. "మూడు నెలలు నేను ఆ ఊరివాడినే" అని ఉంటుంది అందులో.

వెళ్లొద్దని చెప్పట్లేదు. నేను మళ్లీ వెళ్తాను, అవకాశమొస్తే ఏప్రిల్ 23కి చూసుకుని వెళ్తాను, మళ్లీ ఊరి బయట హోటల్లోనే ఉంటాను. రాయొద్దనీ చెప్పట్లేదు. ఈ పత్రికకి వచ్చే తర్వాతి బార్సిలోనా వ్యాసంలో మాత్రం సూర్యాస్తమయానికి ముందు ఒక్క వాక్యం అడుగుతున్నాను. ఏ వీధిలో, ఎన్నో అంతస్తులో, ఎన్ని రాత్రులు, రాత్రికి ఎంతకి దిగారు, ఎదురు బాల్కనీలో గుడ్డ ఉందా, ఉంటే దానిమీద ఏం రాసుంది.