గోదారి గట్టున గలివర్

ఐర్లండులో ఒక బిషప్పుగారు కొత్తగా వచ్చిన పుస్తకం చదివారు. ఆఖరి పేజీ మూసి పెదవి విరిచేశారట. అందులో ఉన్నవన్నీ పొంతనలేని అబద్ధాలేననీ, తన మటుకు తాను ఒక్క ముక్క కూడా నమ్మలేదనీ తేల్చేశారట!

ఆ పుస్తకం 'గలివర్స్ ట్రావెల్స్'. రాసింది జోనాథన్ స్విఫ్ట్. బిషప్పుగారి సంగతి బయటపెట్టింది కూడా ఆయనే, మిత్రుడు పోప్‌కు రాసిన ఉత్తరంలో. ఆయన నిజంగా నమ్మలేదో, స్విఫ్టే సరదాకి అల్లాడో ఆ పైవాడికే తెలియాలి.

1726 అక్టోబరు 28న లండన్‌లో విడుదలైన ఆ పుస్తకం మీద రచయిత పేరే లేదు. వారం తిరక్కుండానే మొదటి ముద్రణ చెల్లిపోయింది. మంత్రుల దగ్గర్నుంచి పసిపిల్లల దాకా అందరూ అదే చదువుతున్నారని కవి జాన్ గే స్విఫ్ట్‌కు కబురు రాశాడు. ఒక పెద్దాయన లిల్లీపుట్ ఎక్కడుందోనని దేశపటం ముందేసుకుని వెతికాడట. ఓడ కెప్టెన్ ఒకడైతే గలివర్ తనకు బాగా తెలుసనీ, అచ్చువేసినవాడు అతని ఊరు పేరు తప్పుగా వేశాడనీ వాదించాడట!

మెచ్చినవాళ్లతోపాటు నొచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. మనిషి జాతినే కించపరిచాడని స్విఫ్ట్ స్నేహితుల్లోనే గొణుగుడు మొదలైంది. పెద్ద మనుషులు, చిన్న మనుషులు అన్న ఊహ ఒకసారి తడితే మిగతాదంతా సులువేనని డాక్టర్ జాన్సన్ తీసిపారేశాడు. నవలాకారుడు థాకరే 1851లో ఉపన్యాసమిస్తూ, గుర్రాల దేశం కథ ఉన్న నాలుగో భాగాన్ని అసలు చదవొద్దని శ్రోతలకు సలహా ఇచ్చాడు. చివరికి ఏమైంది? పదునంతా తీసేసి, అంగుళాల మనుషుల కథగా కుదించి పిల్లల చేతిలో పెట్టారు. పెద్దలను గుచ్చడానికి రాసిన పుస్తకం పిల్లల బొమ్మల పుస్తకమై కూర్చుంది.

రాజమండ్రికి రాక

అలాంటి గలివర్ 1890ల తొలినాళ్లలో గోదావరి ఒడ్డుకు చేరాడు. వస్తూనే వేషం మార్చాడు, పేరూ మార్చాడు. కందుకూరి వీరేశలింగం పంతులు స్విఫ్ట్ పద్ధతిలో రాసిన ఆ నవల 'సత్యరాజా పూర్వదేశయాత్రలు'.

పంతులుగారు లిల్లీపుట్‌ను ఉన్నదున్నట్టు తెనిగించి ఊరుకోలేదు. తెలుగువాళ్ల నోళ్లలో అప్పటికే నానుతున్న ఒక వింత దేశాన్ని పట్టుకొచ్చారు. అదే ఆడుమళయాళం. అక్కడ ఏలేది ఆడవాళ్లు, అణిగి ఉండేది మగవాళ్లు. మన దగ్గర పాతివ్రత్యం ఉన్నట్టే అక్కడ పత్నీవ్రతం! ఆడదానికి మన శాస్త్రాలు విధించిన కట్టుబాట్లన్నీ అక్కడ మగవాడి మెడకు చుట్టుకుంటాయి. రెండో భాగంలో సత్యరాజు లంకాద్వీపం చేరతాడు. అక్కడివాళ్లు మహాకాయులు. వాళ్ల మధ్య మనవాడు పురుగంత. ఆ దేశపు మూఢనమ్మకాలు చూసి మనం నవ్వుకుంటూ ఉండగానే, అవి ఎక్కడివో గుర్తొచ్చి నవ్వు కాస్తా ఆగిపోతుంది.

ఈ నవ్వు ఊరికే పుట్టింది కాదు. 1881 డిసెంబరు 11న వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఊరు వెలివేసినంత పనిచేసింది. వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు రాలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి, పెళ్లి వంట వండింది. అప్పటికే ఆయన 'వివేకవర్ధని'లో ఏళ్ల తరబడి వ్యాసాలు రాసి ఉన్నారు, సభల్లో శాస్త్రాలు చూపించి వాదించి ఉన్నారు. వాదన వినగానే వాదనకు దిగేవారే తప్ప ఆలోచించేవారు తక్కువ. అదే సంగతి కథలో తలకిందులు చేసి చెబితే? ముందు నవ్వుతాడు, ఆ తర్వాతే కదా ఉలిక్కిపడేది!

ఎవరిది? ఎలా రాశాడు?

తొలినాళ్ల తెలుగు నవలను తూచడానికి పండితుల దగ్గర రెండు తూకపు రాళ్లు ఉండేవి. ఇది సొంతమా, ఎరువా అన్నది ఒకటి. భాషలో, కథలో దోషాలెన్ని అన్నది రెండోది.

'రాజశేఖర చరిత్రము' ఆ తక్కెడలోనే కూర్చుంది. 1878లో 'వివేకవర్ధని'లో వెలువడి, 1880లో పుస్తకమైన నవల అది. గోల్డ్‌స్మిత్ రాసిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'ను తెనిగించబోయి, అది తృప్తినివ్వక, ధవళేశ్వరంలో మొదలయ్యే సొంత కథ రాసుకున్నారు పంతులుగారు. తాను రాసింది ఏమిటో చెప్పడానికి అప్పటికి తెలుగులో మాట లేదు. వచన ప్రబంధం అన్నారు.

ఆ పుస్తకంలో తప్పులు ఎత్తిచూపుతూ పెద్ద విమర్శ రాసినవారు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి. పేరున్న పండితుడు, పంతులుగారి సంస్కరణలకు గట్టి ప్రత్యర్థి. తమాషా ఏమిటంటే, ఈ కొత్త ప్రక్రియకు 'నవల' అన్న పేరు పెట్టింది కూడా ఆయనేనని సాహిత్య చరిత్రలు చెబుతాయి. ఇంగ్లిషు మాట చెవిన పడేలా, సంస్కృత వ్యుత్పత్తికి లోటు రాకుండా కుదిర్చారు. బిడ్డను తిట్టినాయనే బారసాల చేశాడన్నమాట!

అదే పుస్తకాన్ని హచిన్సన్ అనే దొర 'ఫార్చ్యూన్స్ వీల్' పేరుతో ఇంగ్లిషులోకి మార్చాడు. 1887లో అది లండన్‌లో అచ్చయింది. అక్కడి పాఠకులకు గోల్డ్‌స్మిత్ కొత్త కాదు. వాళ్లకు కొత్తగా కనిపించింది తెలుగింటి పెళ్లిళ్లు, జాతకాలు, బైరాగి మోసాలు. ఊరు మారితే తూకపు రాయి కూడా మారుతుంది మరి.

సత్యరాజుకు మాత్రం ఆ యోగం పట్టలేదు. మొదటి నవల అన్న కిరీటం రాజశేఖరుడిదైంది. 1872 నాటి 'శ్రీరంగరాజ చరిత్ర' ముందా, ఇది ముందా అన్న చర్చ కూడా దాని చుట్టూనే తిరిగింది. స్విఫ్ట్‌కు అనుసరణ అని ఒక్క మాటలో చెప్పేసి, చాలామంది సత్యరాజును దాటుకుపోయారు. ఎక్కడినుంచి తెచ్చాడన్నది చూశారే గానీ, తెచ్చి ఏం చేశాడన్నది అంతగా పట్టించుకోలేదు.

రెండు వైపులా పదును

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆడవాళ్ల రాజ్యంలో మగవాడి అగచాట్లు చదివి, అయ్యో ఇదే కదా మనింట్లో ఆడపిల్ల పడుతున్నది అనుకునేవారు ఒకరు. ఆడవాళ్ల చేతికి పెత్తనం వస్తే ఇలాగే ఏడుస్తుందని చంకలు గుద్దుకునేవారు మరొకరు. పుస్తకం ఒకటే, నవ్వులు మాత్రం రెండు. గుర్రాల దేశం కథలో థాకరేకు కనిపించింది రచయిత రోత. మరికొందరికి కనిపించింది మనిషి అహంకారానికి పట్టిన అద్దం. వింత కథతో ఉన్న ఇబ్బందే అది. ఎవరి ముఖం వాళ్లకే చూపిస్తుంది.

రాజమండ్రిలో వింత కథకు ఎన్నడూ కరువు లేదు. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాల 'కాశీమజిలీ కథలు' చెప్పి జనాన్ని ఊపేశారు. 1890లలోనే 'చింతామణి' పత్రిక నవలల పోటీలు పెట్టి, చిలకమర్తి వంటివారిని ముందుకు తెచ్చింది. మాయలూ మంత్రాలూ కాలక్షేపానికి, సంఘం కథలు బుద్ధి చెప్పడానికి అని పాఠకులు రెండు అరలు చేసుకున్నారు. సత్యరాజు ఆ రెంటిలో ఏ అరలోనూ సరిగా ఇమడలేదు.

ఆయన్ని మళ్లీ బయటికి తీసింది తర్వాతి తరాలే. స్త్రీల కోణం నుంచి సాహిత్యాన్ని చదవడం మొదలయ్యాక ఆడుమళయాళం మళ్లీ చర్చలోకి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దపు రాజమండ్రిలో ఒక తెలుగు పంతులు ఇంత ఊహ చేశాడా అని ఆశ్చర్యపోయినవారున్నారు.

లిల్లీపుట్ కోసం ఆ లండన్ పెద్దాయన పటం ముందేసుకుని వెతికాడు. ఆడుమళయాళం కోసం తెలుగు పాఠకుడు పటం తియ్యనక్కర్లేదు. పండగపూట వంటింట్లో ఎవరున్నారో, వాకిట్లో పేకముక్కలు పంచుకుంటున్నది ఎవరో ఓసారి చూసి, ఆ ఇద్దరినీ అటూ ఇటూ మార్చి ఊహించుకుంటే చాలు. దారి దొరికినట్టే!