గొర్రె తిన్న మేత ఎక్కడికి పోతోంది?

రాజాం చుట్టుపక్కల వరికోతలయ్యాక మినుము, పెసర చల్లని మళ్లలోకి మందలు దిగుతాయి. మాఘం వరకు ఫరవాలేదు. ఫాల్గుణం దాటాక ఎండుగడ్డి తప్ప ఏమీ దొరకదు. గొర్రె రోజంతా మేస్తూనే ఉంటుంది, డొక్క నిండుగానే కనిపిస్తుంది. నడ్డి మీద చెయ్యేస్తే మాత్రం ఎముక తగులుతుంది. సంతలో బేరగాడు పట్టి చూసేది ఆ నడ్డినే. మంద బక్కచిక్కితే "సరిగ్గా మేపలేదు" అని కాపరి మీదకు నెట్టేయడం అధికారులకూ, బేరగాళ్లకూ అలవాటు. దీన్ని మేం ఒప్పుకోం.

తిన్న మేతలోని మాంసకృత్తి ఒంట్లో ఎక్కడ ఖర్చవుతుందో కొలిచే పద్ధతి ఉంది. స్కాట్లాండులో ఆబర్డీన్ నగరంలోని రోవెట్ పరిశోధన సంస్థ గొర్రెల మీద ఈ పని ఏళ్ల తరబడి చేసింది. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలనే ఇటుకలతో కట్టినవి. ఒక రకం ఇటుకకు గుర్తు పెట్టి రక్తంలోకి ఎక్కిస్తారు. గుర్తంటే రంగు కాదు, మామూలు కార్బన్‌కు బదులు కాస్త బరువెక్కువున్న కార్బనో, రేడియోధార్మిక కార్బనో. కొంతసేపయ్యాక కండ, కార్జం, పేగు, చర్మం నుంచి ముక్కలు తీసి ఎక్కడ ఎంత గుర్తు చేరిందో చూస్తారు.

తేలిందేమంటే, కండలో ఉన్న మాంసకృత్తిలో రోజుకు కొత్తగా తయారయ్యేది కొద్ది శాతమే. పేగుల్లో, కార్జంలో అది పదుల శాతం. గొర్రె బరువులో పేగులూ కార్జమూ ఏపాటి? అయినా రోజువారీ మరమ్మతుకు పెద్ద వాటా అవే లాక్కుంటాయి. కండ పెరగాలంటే ఆ ఖర్చు పోగా మిగలాలి.

పేగుల్లో నట్టలుంటే లెక్క ఇంకా తలకిందులవుతుంది. 1980ల మొదట్లో ఆస్ట్రేలియాలో నట్టలు పట్టిన గొర్రెపిల్లల్లో ఇలాగే కొలిచారు. కార్జంలో మాంసకృత్తి తయారీ పెరిగింది, కండలో తగ్గింది. పైగా జబ్బు గొర్రె మేత కూడా తగ్గిస్తుంది. మన చెరువు గట్ల కింద నత్తలున్న చోట కార్జపు జలగ సంగతి కాపరులకు ఒకరు చెప్పక్కర్లేదు.

అందుకే నట్టల మందు ఏడాదికోసారి ఏ నెలలో వస్తే ఆ నెలలో పోసి, రిజిస్టరులో సంఖ్య రాసుకుంటే సరిపోదంటున్నాం. ముందు పేడ పరీక్ష చేయాలి. ఏ నట్టలున్నాయో చూసి, గొర్రె బరువును బట్టి, వానలకు ముందే మందు పోయాలి. ఎప్పుడూ ఒకే మందు పోస్తే నట్టలు దానికి లొంగడం మానేస్తాయి. మందుతోపాటు వేసవి నెలల్లో చూడి గొర్రెలకు, పాలిచ్చే తల్లులకు చెక్క, తవుడు రాయితీపై ఇవ్వాలి. మందిచ్చి మేత ఇవ్వకపోతే ఆ పేగు దేనితో బాగుపడుతుంది? గొర్రెలు కొనుక్కోమని అప్పులిప్పించే పథకాలు చాలా చూశాం. కొన్న గొర్రె వేసవి ఎలా దాటాలో చెప్పిన పథకం మా కంటపడలేదు.

ఇంకో మాట. విదేశాల లెక్కల్లో చాలావరకు ఉన్ని గొర్రెలవి. ఉన్ని కోసం చర్మమే బోలెడు మాంసకృత్తి తీసుకుంటుంది. మన గొర్రెలకు ఉన్ని లేదు, తినేది దుబ్బులూ తుప్పలూ. వాటి లెక్క వీటికి అతకదు. మన గొర్రెల్లోనే కొలవాలి. దానికి గొర్రెను కోయక్కర్లేదు. మూత్రంలో అల్లాంటోయిన్ అనే పదార్థం ఎంతుందో చూస్తే, కడుపులోని సూక్ష్మజీవులు గొర్రెకు ఎంత మాంసకృత్తి తయారుచేసి పెడుతున్నాయో అంచనా కట్టవచ్చు. పేద దేశాల ప్రయోగశాలలు కూడా చేసుకోగలిగేలా ఐక్యరాజ్యసమితి ఆహార, అణుశక్తి సంస్థలు ఈ పద్ధతిని వ్యాప్తి చేశాయి. మన జిల్లాలోనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. వచ్చే వేసవిలో రాజాం ప్రాంతపు మందల్లో ఈ పని పెట్టుకోవాలని, అందుకు ప్రభుత్వం నిధులివ్వాలని కోరుతున్నాం.

ముందుకొచ్చే కాపరులు సంఘం మండల కమిటీకి పేరు చెప్పండి. పరీక్షకిచ్చిన గొర్రెకు ఏమైనా అయితే సంత ధర పూర్తిగా కట్టాలన్న షరతు ముందే కాగితం మీద రాయించుకుందాం.