ఇంట్ల ఉన్నోడు ఖాళీగా ఉన్నట్టు కాదు



"నువ్వు ఇంట్లనే ఉంటవు కదా, జర కాళేశ్వరం దాకా పోయిరా" అని వారానికి రెండు ఫోన్లన్నా వస్తాయి నాకు. గోదావరి మీద వంతెన పడ్డాక అవతలి ఒడ్డు దగ్గరైంది, నిజమే. నా పని మాత్రం తగ్గలేదు.

నా కుట్టుమిషన్ ముందరి అర్రలో ఉంటుంది. ఇంటామె పొద్దున్నే డ్యూటీకి పోతుంది. పిల్లల జడలు, టిఫిన్ డబ్బాలు, బడికి దింపుడు నా వంతు. ఆ తర్వాత జాకెట్లు, స్కూలు బట్టలు. రాత్రి కొలతల చీటీల వెనక పిల్లలకు కథలు రాస్తాను. ప్రాణహిత గోదావరిలో కలిసే చోట దారి తప్పిన చేప కథ అట్లా పుట్టిందే.

చంద్రాపూర్ జిల్లాలో ఉన్నప్పుడూ, 1982లో గడ్చిరోలి జిల్లా అయ్యాకా సిరొంచ ఇండ్లల్లో తెలుగు పోలేదు. కానీ మా పిల్లలకు అది నోటి మాటగానే మిగిలింది. బడిలో మరాఠీ చదువుతారు, అది బాగా రావాలి కూడా. అయితే మా చిన్నది నా చేప కథను దేవనాగరి అక్షరాల్లో రాసుకుంటే గుండె కలుక్కుమంది. ఇప్పుడు మిషన్ పక్కన కూర్చుని రోజుకో తెలుగు అక్షరం దిద్దుతోంది. మొన్న తన పేరు రాసింది.

ఆదివారం ఒక గంట సంఘంలో పిల్లలను కూర్చోబెడదాం. నేను వస్తాను. మిగతా రోజుల్లో ఫోన్ చేస్తే ముందు "పనిల ఉన్నవా?" అని అడగండి. అంతే.