సెకన్ల ముల్లు

మా అబ్బాయి బెంగుళూరు నుంచి ఫోను చేశాడు. "నాన్నగారూ, వచ్చే ఏడాది మీ రిటైర్మెంటుకి ఒమేగా వాచీ కొంటున్నాను, కాదనకండి" అన్నాడు. ధరెంతరా అంటే కాస్త నసిగి చెప్పాడు. అయిదు లక్షల పైమాటే! ముప్పయ్యేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ అప్పు దరఖాస్తులు చదివినవాణ్ణి కదా, "ఈ.ఎం.ఐ. ఎంత?" అని అడిగేశాను. వాడి ఇంటి అప్పే ఇంకా పద్నాలుగేళ్ళు తీరాలి.

వాడు చెప్పిన వాచీ పేరు స్పీడ్‌మాస్టర్. రోజూ కీ ఇచ్చుకోవాలి. ఇలాంటివాటిని క్రోనోగ్రాఫ్ అంటారు. ఒక బొత్తాం నొక్కితే సెకన్ల ముల్లు బయలుదేరుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది, రెండో బొత్తాం నొక్కితే తిరిగి పన్నెండు దగ్గరకు వచ్చి నిలబడుతుంది. అంచు మీద అంకెలుంటాయి. బస్సులో కూర్చుని ఒక కిలోమీటరు రాయి దగ్గర నొక్కి, తర్వాతి రాయి దగ్గర ఆపితే ముల్లు చూపే అంకే బండి వేగం. 36 సెకన్లు పడితే గంటకు 100 కిలోమీటర్లు. 3600 ని సెకన్లతో భాగించడమే, అంతకు మించి మర్మమేమీ లేదు.

దీని కంపెనీ పుట్టుక 1848 లో. స్విట్జర్లాండులోని లా షో ద ఫాన్ అనే ఊళ్ళో లూయీ బ్రాంట్ అనే 23 ఏళ్ళ కుర్రవాడు, చుట్టుపక్కల పనివాళ్ళు చేసిన భాగాలు తెచ్చి, బిగించి అమ్మేవాడు. మన బరంపురంలో ఇళ్ళల్లో మగ్గాల మీద నేయించిన పట్టుచీరలు షావుకారు అమ్మినట్టన్నమాట. కొడుకులు 1880 లో బియెన్ ఊరికి మారి ఫ్యాక్టరీ పెట్టారు. ఒమేగా అన్నది 1894 లో వాళ్ళు తయారుచేసిన ఒక యంత్రం పేరు. తర్వాత అదే కంపెనీ పేరయింది.

స్పీడ్‌మాస్టర్ 1957 లో మోటారు పందేల కోసం వచ్చింది. అమెరికా వాళ్ళ నాసా దాన్ని వేడిలో, చలిలో, కుదుపుల్లో పరీక్షించి 1965 లో వ్యోమగాములకిచ్చింది. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 లో ఆక్సిజన్ ట్యాంకు పేలింది. కరెంటు ఆదా చెయ్యాలని పరికరాలు కట్టేశారు. దారి సరిచేసుకోవడానికి ఇంజను సరిగ్గా 14 సెకన్లు మండించాలి. స్విగర్ట్ చేతి వాచీ చూసి లెక్క చెప్పాడు. ముగ్గురూ క్షేమంగా ఇంటికి చేరారు.

ఇది చదివితే నాకు 2013 అక్టోబరు 12 రాత్రి గుర్తొచ్చింది. ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి. కొడలలో మా ఇంట్లో కరెంటు లేదు, ఫోను లేదు. అమ్మకి గుండె దడ. పక్కింటి కాంపౌండరు గారు తడుస్తూ వచ్చి, "అరగంటకోసారి నాడి లెక్కపెట్టండి, నూట ఇరవై దాటితే నన్ను పిలవండి" అని చెప్పి వెళ్ళారు. నాన్నగారి చేతికి 1975 లో జీతం బకాయిలొచ్చినప్పుడు కొన్న హెచ్.ఎం.టి. జనతా ఉంది. దానికి బొత్తాం లేదు. ముల్లు పన్నెండు దగ్గరకు వచ్చేదాకా ఊపిరి బిగబట్టి ఆగాలి. నేను టార్చి పట్టుకుంటే ఆయన అమ్మ మణికట్టు పట్టుకుని లెక్కపెట్టారు. 112, 118, 116. తెల్లవారేసరికి 96. ఆ కాగితం ముక్క ఇప్పటికీ నా పాస్‌బుక్కుల మధ్యే ఉంది. రోడ్డు మీద చెట్లు తీసి దారి అయ్యాక ఆమెను బరంపురం తీసుకెళ్ళాం.

బ్యాంకు వాణ్ణి కనుక ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. ఒమేగా 1969 జూలైలో చంద్రుడి మీద అడుగుపెట్టింది. ఆరు నెలలు తిరక్కుండానే, డిసెంబరు 25 న, జపాను సైకో కంపెనీ క్వార్ట్‌జ్ వాచీ తెచ్చింది. స్విస్ వాచీల పనివారు 1970 లో సుమారు 90 వేలు, 1980 ల నడుమకు వచ్చేసరికి మూడోవంతు. ఒమేగా అప్పుల్లో మునిగింది. అప్పిచ్చిన బ్యాంకులు నికొలస్ హాయెక్ అనే సలహాదారుణ్ణి పెట్టుకున్నాయి. దివాలా తీయిద్దామనుకోకుండా, ఆయన సలహా మీద 1983 లో రెండు కంపెనీల గుంపుల్ని ఒకటి చేసి మరింత సొమ్ము పెట్టాయి. అదే ఏడు 51 భాగాలతో స్వాచ్ అనే ప్లాస్టిక్ క్వార్ట్‌జ్ వాచీ వచ్చింది. ఆ చవక వాచీ సంపాదన ఖరీదైన అక్కగారికి అండగా నిలిచింది! మన హెచ్.ఎం.టి.కి ఆ యోగం పట్టలేదు. 1961 లో జపాను సిటిజన్ వారి సాయంతో బెంగుళూరులో మొదలైన వాచీల పని మూసెయ్యడానికి 2016 లో కేంద్ర ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ రోజు నాకు బాధేసిందంటే మా ఆఫీసులో కుర్రవాళ్ళు నవ్వారు.

నాన్నగారు లేరు. జనతా నా దగ్గరుంది. రోజుకు మూడు నిమిషాలు ముందుకు పోతుంది. బరంపురంలో బాగుచేసే ఆయన, కొత్త భాగాలు రావు బాబూ, ఇంకో పాత వాచీ దొరికితే దాన్నించి తీసి వేస్తాను అన్నారు. ఒకటి దొరికింది, 600 రూపాయలకి.

అబ్బాయికి మళ్ళీ ఫోను చేశాను. ఆ అయిదు లక్షలూ ముందు ఇంటి అప్పులో జమ చెయ్యమన్నాను. వడ్డీ ఎంత మిగులుతుందో లెక్క కట్టి కూడా చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. "పోనీ ఎవరైనా స్నేహితుడి దగ్గర ఆ వాచీ ఉంటే సంక్రాంతికి ఒక్క రోజు పట్టుకురారా, కొడల బస్సులో రాయికీ రాయికీ మధ్య కొలిచి చూస్తాను" అన్నాను. అప్పుడు నవ్వాడు.