మమ్మల్ని మూసపోయకండి

‘జనజీవన స్రవంతిలో కలవండి’ అని మమ్మల్ని పిలవని ప్రభుత్వం లేదు, పిలవని పెద్దమనిషి లేడు. కిటుకంతా ఆ మాటలోనే ఉంది. స్రవంతి వాళ్లది, కలవాల్సింది మేము. ఏట్లో కలిశాక ఇది ఫలానా వాగు నీరని ఎవరు గుర్తుపడతారు?

ఈ కలపడం ఒకటో తరగతిలోనే మొదలవుతుంది. ఇంట్లో గోండి, కొలామి, కువి, సవర గలగలా మాట్లాడే పిల్ల బడిలో మూగదవుతుంది. తెలుగు రాదు కాబట్టి ఏమీ రాదని తేల్చేస్తారు. నోరు తిరగలేదని పేరు కూడా మార్చి రాస్తారు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతూనే ఉంది. అంతకుముందే, 1940లలో, నిజాం పాలనలోని మార్లవాయిలో గోండి వాచకాలతో చదువు చెప్పారు. గోండు యువకులనే పంతుళ్లుగా తయారుచేశారు. అప్పుడు అయిన పని ఇప్పుడెందుకు కాదు? 2011 జనగణనలో 29 లక్షలకు పైగా జనం తమ భాష గోండి అని రాయించారు. అయినా ఎనిమిదో షెడ్యూలులో దానికి చోటు లేదు.

బడిలో మా మాట వద్దన్నవాళ్లకే ఆగస్టు 9న మా ఆట కావాలి. దండారి రోజుల్లో దీక్షతో ధరించే గుస్సాడి నెమలి ఈకల టోపీని నాయకుల స్వాగతానికి పెట్టుకోమంటారు. ఒకరు అందరిలా ఉండమంటారు, మరొకరు ఫొటోలో ఆదివాసిలా ఉండమంటారు. రెండూ మూసలే.

మూడో మూస మన ఊళ్లోనే ఉంది. చదువుకున్న ఆడపిల్ల పంచాయతీలో నోరు విప్పితే ‘మన ఆచారం కాదు’ అని కూర్చోబెట్టే పెద్దలున్నారు. ఊరంతా కూర్చుని మాట్లాడుకోవడమే మన ఆచారమని గొప్పగా చెప్పుకుంటాం. మరి ఆ ఊరిలో ఆడపిల్ల లేదా? బయటివాళ్లు మన నోరు నొక్కితే అన్యాయం, మనమే నొక్కితే సంప్రదాయమా?

పంతుళ్లారా, హాజరు పట్టీలో పిల్లల పేరు వాళ్లమ్మ పిలిచినట్టే రాయండి. వాళ్ల భాషలో నాలుగు మాటలు మీరూ నేర్చుకోండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, డాక్టరు కండి, డ్రైవరు కండి, జీన్సు వేసుకోండి, ఇష్టమైన పాట వినండి. ఆదివాసినని ఎవరికీ వేషం వేసి చూపించనక్కర్లేదు. ఇంటిపేరు అడిగినప్పుడు మాత్రం గొంతు తగ్గించకండి.