కుక్కపిల్లయు పండ్రెండేండ్ల ఋణమును

నోరున్నవానికిచ్చిన మాట తప్పినచో లోకము నిందించును. పత్రము వ్రాసియిచ్చి తప్పినచో న్యాయస్థానము విచారించును. నోరులేని జీవమునకిచ్చిన మాట తప్పినవానిని అడుగువాడు లేడు. కుక్కపిల్లను ముచ్చటపడి తెచ్చి, కొన్నినాళ్లు ముద్దుచేసి, ఇబ్బంది తోచినంతనే వీధిపాలు చేయు దురాచారము మన పట్టణములందును, పల్లెలందును నానాటికి ప్రబలుచున్నది. దేశమున ఇంతకంటె పెద్ద చిక్కులు లేవా యని కొందరు నవ్వవచ్చును. చిన్న బాధ్యతను మోయలేనివారు పెద్ద బాధ్యతలను మోయుదురని నమ్ముట యెట్లు? కావున ఈ విషయము పఠనమందిరములలో చర్చకు రాదగినదని నా యభిప్రాయము.

అనంతపురమునుండి గుత్తికి పోవు జాతీయరహదారి మీద మా గార్లదిన్నె యున్నది. హైదరాబాదునకును బెంగళూరునకును నడుమ తిరుగు వాహనములు రాత్రింబవళ్లు ఈ దారినే పోవుచుండును. దారిప్రక్క హోటళ్లయొద్ద అప్పుడప్పుడొక క్రొత్త కుక్క కానవచ్చును. మెడను తోలుపట్టీ యుండును. ఒంటి బొచ్చు ఒకనాడు దువ్వబడినదని తెలియుచుండును. ఆగిన ప్రతి కారునొద్దకును అది పరుగెత్తిపోయి, దిగినవారిని వాసన చూచి, తనవారు కారని గ్రహించి వెనుకకు వచ్చును. ఊరకుక్కలు దానిని దగ్గరకు రానీయవు. ఎంగిలి విస్తరి కొఱకు పోరాడుట దానికి తెలియదు. నాలుగైదు దినములు ఆ చోటనే కాచుకొనియుండి, తరువాత అగుపడకపోవును. లారీ క్రింద పడినదో, ఎండకు ఏ గుట్ట ప్రక్కనో ఒరిగిపోయినదో ఎవరును విచారింపరు.

ఇతరులను తప్పుపట్టుటకు ముందు నా తప్పు చెప్పుకొనుట న్యాయము. తొమ్మిదేండ్ల క్రిందట మా పిల్లలొక నాటు కుక్కపిల్లను ఇంటికి తెచ్చిరి. ఒక్క కుక్కపిల్ల మన యింటికి బరువా యని ఒప్పుకొన్నవాడను నేనే. కక్షిదారుని యొద్ద వకాలతు పుచ్చుకొనునప్పుడు పది ప్రశ్నలు వేయు నేను ఆనాడు ఒక్క ప్రశ్నయు వేయనైతిని. మూడేండ్లు గడచిన పిదప వృత్తినిమిత్తము అనంతపురమునకు కాపురము మార్చవలసివచ్చెను. అచ్చట బాడుగయింటి యజమాని కుక్కలు కూడదనెను. పొరుగింటి ముసలాయన చేతిలో కొంత సొమ్ము పెట్టి, రోజునకొక పూట ఇంత కూడు వేయుమని చెప్పి, బాధ్యత తీరినదని బండి యెక్కితిని. ఆ పెద్దమనిషి నెల తిరుగకముందే బెంగళూరిలోని కొడుకు నొద్దకు పోయెను. ఆ సంగతి నేను కనుగొనలేదు, కనుగొనవలెనని తోచనూ లేదు.

దసరా సెలవులకు ఊరికి వచ్చి చూచునప్పటికి, తాళము వేసిన మా యింటి యరుగుమీదనే అది పడియుండెను. ప్రక్కటెముకలు లెక్కింపవచ్చును, వీపునిండ గజ్జి. నన్ను చూచి తోక యాడించినది గాని లేవలేకపోయినది. పశువైద్యశాలకు తీసికొనిపోతిమి. నాలుగవనాడు చచ్చిపోయెను. ఆ దినమున మా చిన్నపిల్ల, "నాన్నా, మనము వస్తామని దానికి ఎవరు చెప్పినారు?" అని యడిగెను. ఎవరును చెప్పలేదు; అదియే నమ్ముకొనియున్నది. ఆ ప్రశ్నకు నేను నేటికిని ప్రత్యుత్తరమీయలేదు.

మన సీమరైతును చూడుడు. సంతలో ఎద్దును కొనబోవునప్పుడు పండ్లు పట్టి చూచును, సుడులు చూచును, నడిపించి చూచును. అన్నింటికంటె ముందు తన కల్లములోని వామిని చూచుకొనును. చొప్ప యెంత, శనగకట్టె యెంత, వచ్చు వానలవరకు చాలునా యని ఇంట ఆడవారితో కూడ ఆలోచించును. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వానయైన నిక్కముగా కురియునను ధీమా లేని ఈ మెట్టభూమిలో, మేత లెక్కింపక పశువును కట్టుకొన్నవాడు దానిని కటికవానికి అమ్ముకొనక తప్పదని వానికి తెలియును. 1876–78 నాటి ధాతకరువు మొదలు ప్రతి కరువును ఈ పాఠమునే నేర్పినది.

గొఱ్ఱెలకాపరి కుక్కను పెంచు తీరును ఇట్టిదే. దానికి మందయొద్ద పని కలదు. కాపరి ముద్దలో దానికి పాలు కలదు. మంద మేతకై దూరదేశము పోయిన, కుక్కయు వెంటపోవును. ఒకరినొకరు విడిచియుండు ప్రసక్తియే లేదు. పొట్టకూటికై బెంగళూరు వలసపోవు కూలివానిని సైతము నేను నిందింపను. ఇంటికి తాళము వేయునప్పుడు "మా కుక్కకు ఇంత ముద్ద వేయండక్కా" యని పొరుగింటామెకు అప్పగించి పోవువారు కలరు. లేమిలో అదియు ఒక యేర్పాటే. ఏ లేమియు లేక, ఏ యేర్పాటును చేయని చదువుకొన్నవారిని గూర్చియే నా మొఱ. ఆ వరుసలో నేను మొదటివాడను.

ఇప్పుడు పట్టణములలో మఱియొక వేడుక బయలుదేరినది. పుట్టినరోజు కానుకగా విదేశీజాతి కుక్కపిల్లను కొనితెచ్చుట గొప్పతనమైనది. మంచుదేశములలో బండ్లులాగు హస్కీజాతి కుక్కను, వేసవిలో నలువది డిగ్రీలు దాటు అనంతపురమున మేడమీద కట్టివేయుచున్నారు. చలికొఱకు ప్రకృతి యిచ్చిన దట్టపు బొచ్చుతో అది రోజంతయు రొప్పుచుండును. ఎనిమిది వారములు నిండని పిల్లను అమ్మరాదనియు, వ్యాపారమునకై కుక్కలను పెంచువారు నమోదు కావలెననియు 2017లో నిబంధనలు వచ్చినవి. కాని కొనువాడు విచారింపనిచో అమ్మువాడేల భయపడును? పిల్లగా నున్నప్పుడు ఒడిలో పట్టినది ఏడాదికి గుమ్మము పట్టక, తిండికి ఖర్చు పెరిగి, కాళ్లకు జబ్బుచేయగానే కారెక్కించి దూరము తీసికొనిపోయెదరు. మా హోటళ్లయొద్ద దిగు కుక్కలలో పలువురి కథ ఇదియే యని నేననుకొందును.

ఒక చిన్న లెక్క వేయుదము. కుక్క పదినుండి పండ్రెండేండ్లు బ్రదుకును. రోజునకు ముప్పది రూపాయల తిండి యనుకొన్నను ఏటికి 10,950 రూపాయలు. పండ్రెండేండ్లకు 1,31,400 రూపాయలు. టీకాలు, మందులు, శస్త్రచికిత్స వేఱు. నేడు రెండవ తరగతి చదువు పిల్లవాడు పట్టుబట్టి తెప్పించిన కుక్క, వాడు కళాశాలకు పోవునాటికి ముసలిదై, కన్ను కనబడక మూలనుండును. అప్పుడు దానిని ఎత్తి బయటికి తీసికొనిపోవువారెవరు? ఈ ప్రశ్న వేసికొనక తెచ్చినవాడు పత్రము చదువక వ్రేలిముద్ర వేసినవానితో సమానుడు.

ఇది స్వంత వ్యవహారమని త్రోసివేయుటకును వీలులేదు. ఆడకుక్క ఇంచుమించు రెండు నెలలకే ఈనును. ఏటికి రెండు ఈతలు పడవచ్చును. శస్త్రచికిత్స చేయింపక విడిచిన ఒక్క కుక్క కొన్నియేండ్లలో ఒక వీధినిండ సంతానమును నింపగలదు. టీకా లేని కుక్క కాటువలన వచ్చు రేబిస్ వ్యాధి లక్షణములు పైకి తేలిన పిమ్మట ఇంచుమించు మరణమే గతి. ప్రపంచమున ఆ వ్యాధిచే చచ్చువారిలో మూడవవంతునకు పైగా మన దేశమువారేయని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. 2023 ఫిబ్రవరి 19వ తేదీన హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుడు వీధికుక్కల వాతబడి మరణించినప్పుడు దేశమంతయు కంట తడిపెట్టినది. 2025 ఆగస్టులో సుప్రీముకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటిని శాలలకు తరలింపుడని 11వ తేదీన ఆజ్ఞాపించి, 22వ తేదీన దానిని మార్చి, చికిత్సయు టీకాయు చేసిన కుక్కలను తెచ్చినచోటనే విడువుడని చెప్పెను. పిచ్చియెత్తినవానిని, మీదపడి కరచువానిని మాత్రము విడువరాదనెను. ఈ వాదప్రతివాదములలో పెంపుడుకుక్కను విడిచిపెట్టిన గృహస్థుని పేరు అరుదుగా వినవచ్చును. వీధికుక్కలన్నియు వీధిలో పుట్టినవి కావు. కొన్నిటిని మనమే వీధిలో దింపితిమి.

చట్టము లేకపోలేదు. 1960నాటి జంతుహింసా నివారణ చట్టము పదునొకండవ సెక్షను ప్రకారము, ఆకలిదప్పులతో బాధపడునట్లు జంతువును విడిచిపెట్టుట నేరము; యజమాని తగిన తిండి, నీరు, నీడ యీయకుండుట నేరము; కుక్కను నిత్యమును గొలుసున బంధించుటయు నేరమే. కాని మొదటి తప్పునకు ఆ చట్టము విధించిన జరిమానా పదిరూపాయలకు తక్కువ కాకుండ ఏబది రూపాయలవరకు! పైన వేసిన లెక్కలో అది రెండు దినముల కూడైనను కాదు. 2023నాటి జంతుజనన నియంత్రణ నిబంధనలు పెంపుడుకుక్క టీకా, నులిపురుగుల మందు, శస్త్రచికిత్సల బాధ్యతను యజమానిమీదనే యుంచినవి. చట్టముండియు ఫిర్యాదు చేయువాడు లేనప్పుడు అది గ్రంథాలయమున దుమ్ము పట్టుచుండును.

మన ధర్మమేమి చెప్పుచున్నది? భారతకథ మొదటనే ఒక కుక్క ఫిర్యాదు కలదు. ఏ తప్పును చేయని తన పిల్లను జనమేజయుని తమ్ములు కొట్టిరని సరమ యజ్ఞశాలకు వచ్చి రాజును నిలదీసెను. ఆ శాపమునకు రాజంతవాడు వెఱచి శాంతికై పురోహితుని వెదకుకొనెను. ఆ కథ చివర ధర్మరాజు తన్ను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని ఇంద్రునితో వాదించెను. పురాణశ్రవణమున ఈ ఘట్టమునకు తలలూచు మనము, ఇల్లు మారునప్పుడు కుక్కను విడిచి బండి యెక్కుచున్నాము.

1926లో అహమ్మదాబాదున ఒక మిల్లు యజమాని అరువది వీధికుక్కలను చంపించినప్పుడు మహాత్ముడు యంగ్ ఇండియా పత్రికలో వరుసగా వ్యాసములు వ్రాసెను. చంపుటను గూర్చిన ఆయన తీర్పును అనేకులు ఒప్పుకొనలేదు, నేనును ఒప్పుకొనజాలను. కాని యజమాని లేని కుక్కలు తిరుగుచుండుట సంఘము దయకు గుర్తుకాదు, దాని సోమరితనమునకు గుర్తు అనియు, దయగలవాడు కుక్కను తనదిగా చేసికొని చక్కగా పెంచవలెననియు ఆయన చూపిన దారి నేటికిని సత్యమే.

"మన యూళ్లలో కుక్కలు ఎప్పుడును ఎవరి యేర్పాటును లేకయే బ్రదికినవి, ఇప్పుడీ యాలోచనలెందుకు?" అని పెద్దలు కొందరందురు. ఊరికుక్క ఊరినుండి పుట్టి, ఊరిదారులెఱిగినది. పది యిండ్ల ముద్ద దానికి కలదు. ఒక చేతి కూడు తిని, ఒక గొంతు పిలుపు మాత్రమే యెఱిగి పెరిగిన కుక్కకు ఆ విద్య లేదు. "ప్రభుత్వశాలకు అప్పగించినచో సరి" యని మఱికొందరందురు. వీధికుక్కలకు చికిత్స చేయుటకై యేర్పడిన శాలలు మనము విసివిన జీవములకు అనాథాశ్రమములు కావు.

కావున నా సూచనలు కొన్ని గలవు. కుక్కను తేదలచిన గృహస్థు ఇంటివారినందరిని కూర్చుండబెట్టి అయిదు ప్రశ్నలకు ప్రత్యుత్తరము చెప్పించుకొనవలెను: రోజును కూడు పెట్టునదెవరు? ఊరికి పోయినప్పుడు చూచునదెవరు? ఇల్లు మారినచో వెంట తీసికొనిపోవుటకు వీలగునా? టీకాకును, శస్త్రచికిత్సకును సొమ్ము తీసిపెట్టితిమా? మనకేదైన జరిగినచో దీనిని పుచ్చుకొనుటకు ఒప్పుకొన్నవారి పేరేమి? ఈ యైదవదానిని నోటిమాటగా విడువక, కాగితముమీద వ్రాసి, ఆ మనిషికి చూపవలెను. నేను చేయనిది అదియే. తేవలెనన్నచో ఈ యెండకు తాళు నాటుకుక్కనే తెండు. 1885 జూలై 6వ తేదీన పాశ్చరు మహాశయుడు మొదటిసారి ఒక బాలునికి కుక్కకాటు టీకా వేయించెను. ఏటేట ఆ దినమున మన పశువైద్యశాలలలో పెంపుడుకుక్కలకు ఉచితముగ టీకాలు వేయుదురు. ఆనాడు వీధివీధికి పోయి కుక్కలను తీసికొని రమ్మని చెప్పుట యువకులు చేయగల సేవ. ప్రతి పఠనమందిరమునను ఒక పుస్తకముంచి, కుక్కను ఉంచుకొనలేక యున్నవారి పేర్లును, పుచ్చుకొనగలవారి పేర్లును వ్రాసియుంచినచో, రహదారిప్రక్క దింపిపోవలసిన యగత్యము కొందరికైన తప్పును. మా యూరి పఠనమందిరమునకు అట్టి పుస్తకమును నేను కొనియిచ్చితిని. మొదటి పుటలో కుక్కను పుచ్చుకొనగలవారి వరుసలో నా పేరు వ్రాసితిని.

ఇంతటి పూనికకు సిద్ధముగా లేనివారు కుక్కను తేకుండుటయే మేలు. అందులో సిగ్గుపడవలసినదేమియు లేదు. మేత లేనినాడు ఎద్దును కొనని రైతును మనమెవరమును దయలేనివాడనము, వివేకి యందుము.